బండి తూలిందా, చెయ్యి తూలిందా

గోవిందరాజులు ముప్పయ్యేళ్ళు లారీ తోలాడు. ఉద్దానం కొబ్బరికాయలు ఎత్తుకుని కటక్ దాటి ఎక్కడెక్కడికో పోయి వచ్చేవాడు. వానలో తోలాడు, మంచులో తోలాడు, సగం బ్రేకులతో ఘాటీలు దిగాడు. అన్నేళ్ళలో బండి తన మాట వినలేదన్న అనుమానం ఒక్కనాడూ రాలేదు. తిత్లీ తుఫానుకి ఇంటి వెనక ఎకరంలోని కొబ్బరి చెట్లన్నీ నేలకొరిగాయి. ఆ మరుసటేడే నడుం పట్టేసింది. ఇక దూరాలు మనవల్ల కాదని లారీకి దణ్ణం పెట్టి, పాత డీజిల్ కారొకటి కొనుక్కుని ఊళ్ళోనే స్థిరపడ్డాడు. ఊరు అక్కుపల్లికి ఆనుకునే ఉంటుంది. గాలి తిరిగితే సముద్రం హోరు గుమ్మంలోకి వస్తుంది.

ఆ కారుకి పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఉన్నా, అసలు పని మాత్రం సోమ, బుధ, శనివారాల్లో ఉండేది. ఊళ్ళో కిడ్నీలు చెడిపోయిన వాళ్ళలో ఇద్దర్ని డయాలసిస్‌కి టెక్కలి తీసుకెళ్ళి తీసుకురావాలి. ఒకరు పాపారావు. అరవై దాటిన మనిషి, వేటకి వెళ్ళిన రోజుల్లో తెడ్డు పట్టిన భుజాలు ఇప్పుడు వేలాడిపోయాయి. కాళ్ళు చాపుకోవాలి గనక ముందు సీటు ఆయనది. రెండో మనిషి సీత. నలభై రెండేళ్ళు. పలాసలో జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్ళకి పట్టిన నలుపు, పని మానేసి మూడేళ్ళైనా వదల్లేదు. వరసకి గోవిందరాజుల్ని బావా అని పిలుస్తుంది. వెనక సీట్లో ఎడమ పక్క తలుపుకి ఆనుకుని, సూదులు గుచ్చే చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. దారి పొడుగునా పాపారావు మాట్లాడుతూనే ఉంటాడు. ఆవిడ నోరిప్పదు. పలాసలోనూ ఆసుపత్రి ఉంది గానీ, టెక్కలి నర్సు సూది గుచ్చితే నొప్పి తెలీదని ఆవిడ మారనంది. పాపారావుకి అక్కడ పడకల మీదివాళ్ళంతా స్నేహితులు.

మొదటిసారి అది ఒక బుధవారం పొద్దున జరిగింది. పలాస దాటి హైవే ఎక్కారు. టెక్కలి ఇంకో ఆరేడు కిలోమీటర్లుందనగా ఒక కల్వర్టు వస్తుంది. బరువు లారీలు తొక్కి తొక్కి దాని రెండు పక్కలా రోడ్డు దిగబడింది. తారు మీద తారు వేసి అతుకులు పెట్టారు. ఒక పక్క చక్రాలు ఎక్కితే ఇంకో పక్కవి దిగుతాయి. ఎనభైలో పోతున్నాడు. అతుకు మీదికి ఎక్కగానే కారు ఉన్నట్టుండి ఎడమకి జారి, మళ్ళీ కుడికి విసిరింది. స్టీరింగ్ చేతిలోనే ఉంది, బండి మాత్రం చేతిలో లేదు. పక్కన దాటుతున్న లారీ పెద్ద హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఏటి రాజులూ, నిద్దరొచ్చిందేటి?" అన్నాడు పాపారావు.

"నేదు మావా. రోడ్డు బాగోనేదు."

నిజానికి ఆ రోడ్డు మీద అతను సోమవారమూ తోలాడు, అంతకు ముందు శనివారమూ తోలాడు.

సాయంత్రమే కాశీబుగ్గలో సూర్యం దగ్గరికి తీసుకెళ్ళాడు. సూర్యం ముప్పై ఐదేళ్ళ మెకానిక్. రేకుల షెడ్డు, ఎప్పుడూ నూనె మరకల చొక్కా, చెవిని బండికి ఆనించి వినే అలవాటు. గాలి చూశాడు, సరిగానే ఉంది. చక్రాల అలైన్‌మెంట్ చేయించాడు, బ్యాలెన్సింగ్ చేయించాడు. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చాడు. జాకీ ఎత్తి నాలుగు చక్రాలూ పట్టుకుని ఊపి చూశాడు. ఏదీ వదులుగా లేదు. అయినా ముందు పక్క అరిగిన ముక్కలు రెండు పీకి కొత్తవి వేశాడు. కుదుపులు తట్టుకునే షాకులు కూడా కొత్తవే వేశాడు.

శనివారం అదే కల్వర్టు మీద అదే తూలు తూలింది. సోమవారం కల్వర్టు దగ్గరే కాదు, ఇంకో రెండు అతుకుల మీద కూడా తూలింది. నున్నటి రోడ్డు మీద మాత్రం పాలమీద మీగడలా పోతుంది. వంకరటింకర రోడ్డు మీదే దానికేదో పూనుతుంది.

"నాను తోలి సూత్తాను, నువ్వు పక్కన కూకో మావా," అన్నాడు సూర్యం.

మధ్యాహ్నం పూట ఇద్దరే వెళ్ళారు. సూర్యం ఆ కల్వర్టు మీదుగా ఎనభైలో ఒకసారి, తొంభైలో రెండుసార్లు పోనిచ్చాడు. కారు ఎగిరింది, కూలబడింది, తిన్నగా పోయింది. తూలనే లేదు.

"ఇప్పుడు నువ్వు తోలు."

గోవిందరాజులు సీటు మారాడు. కల్వర్టు ఇంకా వంద గజాల దూరంలో ఉండగానే అరచేతులు చెమట పట్టాయి. ఇదిగో తూలుతుంది, ఇప్పుడే తూలుతుంది అనుకుంటూ అతుకు ఎక్కే క్షణాన స్టీరింగ్ కుడికి లాగేశాడు. కారు గిర్రున అటు పోయింది. ఎలాగో తిప్పుకుని పక్కకి తీసి ఆపాడు.

సూర్యం చెయ్యి చాచి తాళం తిప్పి ఇంజను ఆపాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మావా, నాను సూత్తానే ఉన్నాను. బండి ఊగనేదు. నువ్వే తిప్పినావు."

అబద్ధమైతే గోవిందరాజులు కాదని వాదించేవాడే.

"ఓసారి కళ్ళు సూపించుకో. వొంట్లో ఎలగుందో సూపించుకో. తప్పేటుంది?"

ఇంటికి వస్తుంటే దారంతా తండ్రే గుర్తొచ్చాడు. తండ్రి బంగారయ్య ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పేరున్న కొబ్బరి దింపువాడు. తాడు బంధం లేకుండా అరవై అడుగుల చెట్టెక్కి గెలలు నరికేవాడు. యాభై ఏడో ఏట ఒకరోజు సగం చెట్టు మీంచి దిగి వచ్చి, "సెట్టు ఊగతన్నాది," అన్నాడు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. ఇంకో చెట్టెక్కాడు. అదీ ఊగుతోందన్నాడు. కింద నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఒక నెల రోజులు ఆయన చెట్లనే తిట్టాడు, వేళ్ళు కుళ్ళాయన్నాడు, పురుగు పట్టిందన్నాడు. చివరికి ఒక పొద్దున టీ గ్లాసు పట్టుకుంటే సగం టీ ఒలికి పంచె మీద పడింది. అప్పుడు అక్కడున్న గోవిందరాజులు, పాతికేళ్ళ దుడుకుతనంలో, "సెట్టు కాదయ్యా ఊగేది, నువ్వే," అనేశాడు. బంగారయ్య ఆ తర్వాత చెట్టెక్కలేదు. చేతుల్లో మొదలైన వణుకు మెడకీ గడ్డానికీ పాకి, అన్నం ముద్ద ఎవరో పెడితే తప్ప తినలేని స్థితికి వచ్చి, చివరికి కన్నుమూశాడు.

ఇప్పుడు గోవిందరాజులికి యాభై ఏడు.

ఆ వారం అతను తన చేతుల్ని తనే కాపలా కాశాడు. గ్లాసు నిండా నీళ్ళు పోసుకుని చాచి పట్టుకునేవాడు. పట్టుకున్న కొద్దీ నీళ్ళ మీద సన్నటి వలయాలు లేచేవి. అందరికీ ఇలాగే లేస్తాయా, తనకేనా? భార్య మహాలక్ష్మికి గ్లాసిచ్చి "పట్టుకో" అన్నాడు. ఆవిడ పట్టుకుంది. ఆవిడ గ్లాసులో నీళ్ళు కదల్లేదు.

"ఏటి సూత్తన్నావు?" అంది ఆవిడ.

"ఏం నేదు."

ఆవిడకి అర్థమయింది. మామగారికి చివరిదాకా అన్నం కలిపి పెట్టిన మనిషి. గ్లాసు పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

జూన్‌లో ఒక శనివారం, తొలకరి జల్లుకి రోడ్డు తడిగా ఉంది. అరవైలోనే పోతున్నాడు. ఈసారి కల్వర్టు కాదు, దానికి ముందే కొత్తగా తవ్వి పూడ్చిన చోటు. కుడి చక్రాలు దిగి ఎక్కేసరికి కారు అడ్డంగా తిరిగి, మధ్య గట్టుకి ఒరుసుకుని ఆగింది. వెనకొచ్చే బండ్లు దూరంగా ఉండబట్టి సరిపోయింది. పాపారావు నుదురు అద్దం పక్క కమ్మికి కొట్టుకుని నెత్తురొచ్చింది. సీత సూదుల చేతిని గుండెకి హత్తుకుని ముడుచుకుపోయింది. ఆ చేతికి దెబ్బ తగిలితే డయాలసిస్‌కి దారే మూసుకుపోతుందని ఆ ముగ్గురికీ తెలుసు.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని పాపారావు మంచం మీంచే చెప్పాడు: "రాజులూ, నీ మీద కోపం నేదు. మీ అయ్యని నాను ఎరుగుదును. ఇంక నీ బండి ఎక్కను."

సాయంత్రానికి ఊరంతా అదే మాట. వాళ్ళయ్యకి వచ్చిందే వీడికీ వచ్చిందన్నారు. గోవిందరాజులు ఎవరితోనూ వాదించలేదు. కారు పాకలో పెట్టి, తాళం మహాలక్ష్మి చేతిలో పెట్టాడు. "నానడిగినా ఇవ్వకు," అన్నాడు. మూడు వారాలు ఆ పాక వైపు పోలేదు. ముప్పయ్యేళ్ళు నమ్ముకున్న చేతులు తనవి కావేమో అన్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. చెట్టు ఊగుతోందని అన్నప్పుడు తండ్రికి నిజంగా ఊగినట్టే ఉండి ఉంటుందని, అది అబద్ధం కాదని, ఇన్నేళ్ళకి తెలిసొచ్చింది.

పాపారావుని అల్లుడు మోటారు సైకిల్ మీద పలాసకి తిప్పడం మొదలెట్టాడు. సీతకి ఆ దిక్కు కూడా లేదు. భర్త చెన్నైలో కట్టుబడి పనిలో ఉన్నాడు. ఆవిడ ఆటోలో పలాస, అక్కణ్ణించి బస్సులో టెక్కలి వెళ్ళేది. తిరుగు ప్రయాణంలో నిలబడే రావాల్సి వస్తే బస్సు మెట్ల దగ్గరే వాంతి చేసుకునేదని మహాలక్ష్మి చెప్పింది. ఒక బుధవారం వాన పట్టుకుని ఆటోలు రాలేదు. ఆవిడ వెళ్ళలేకపోయింది. శనివారం వెళదామనుకుంది గానీ శుక్రవారం పొద్దున్నకే ఊపిరి అందకుండా పోయింది. ఒళ్ళంతా నీరు. 108 బండి వచ్చి ఎత్తుకెళ్ళింది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. ఆరు రోజులు ఉంచుకుని పంపారు.

వచ్చిన మర్నాడు గోవిందరాజులు వాళ్ళింటికి వెళ్ళాడు. అరుగు మీద మంచం వేసి ఉంది. సీత వీపు వెనక దిళ్ళు పెట్టుకుని కూర్చుంది. మొహం పాలిపోయి, కళ్ళు పెద్దవైపోయాయి. అతను గుంజకి ఆనుకుని నిలబడ్డాడు.

"నా మూలంగానే సీతా."

"కూకో బావా," అంది ఆవిడ. కాసేపు ఊపిరి కూడదీసుకుని, "ఒక మాట అడగాలనుకున్నాను. బండి తూలినప్పుడు నీకు ముందు ఏటి తెలుత్తాది?"

"స్టీరింగ్ తేలిపోయినట్టుంటాది. ఎందుకు?"

"నాకు మొదట సీటు కింద టక్కుమంటాది. ఎడమ పక్క, నా కిందే. ఆ తరవాత నా నడుం పక్కకి జరుగుతాది. అప్పుడు నువ్వు తిప్పుతావు. ప్రతిసారీ ఇదే వరస."

గోవిందరాజులు అరుగు అంచున కూలబడ్డాడు. "టక్కుమన్నాక తిప్పుతానా, తిప్పాక టక్కుమంటాదా?"

"టక్కుమన్నాకే. నీ మోచెయ్యి నాకు కనపడతానే ఉంటాది కదా."

"మరి ఇన్నాళ్ళూ నోరిప్పనేదేటి?"

"నన్నెవులడిగారు?" అంది సీత. ఆ మాటలో నిష్ఠూరం లేదు. "డయాలసిస్ అయ్యాక నాకు మంచం మీదున్నా ఊగినట్టే ఉంటాది. నా వొంట్లోదే అనుకున్నాను. మొన్న బస్సుల్లో తిరిగాను కదా, అదే రోడ్డు, అయే గోతులు. ఎంత ఎగరేసినా ఆ టక్కు నేదు. అప్పుడనుమానం వొచ్చింది. సెప్దామంటే ఊపిరి ఆడనేదు."

గోవిందరాజులు తన చేతుల్ని అనుమానించుకుంటూ కూర్చున్నట్టే, వెనక సీట్లో ఈ మనిషీ తన ఒంటిని అనుమానించుకుంటూ కూర్చుందన్నమాట.

తాళం అడిగితే మహాలక్ష్మి వెంటనే ఇవ్వలేదు. సూర్యమే వచ్చి తోలుకెళ్తాడని చెప్పాకే తీసిచ్చింది.

"మావా, ఖాళీ బండి తోలి నాను తప్పు సేసినాను," అన్నాడు సూర్యం, సీత మాట విన్నాక. "మనుషులుంటే కదా బరువు పడేది."

కొబ్బరికాయల బస్తాలు మూడు తెచ్చి, ఒకటి ముందు సీట్లో, ఒకటి వెనక కుడి పక్క, ఒకటి డిక్కీలో వేశారు. సూర్యం తోలాడు. గోవిందరాజులు సీత చోట, తలుపుకి ఆనుకుని కూర్చున్నాడు. ముప్పయ్యేళ్ళలో వెనక సీట్లో కూర్చుని ఎరగడు. ముందు ఏం వస్తోందో కనపడదు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, నమ్ముకుని కూర్చోవడమే. కల్వర్టు వచ్చింది. ఎడమ చక్రం అతుకు ఎక్కింది. సీటు కింద టక్కుమంది. నడుం పక్కకి జరిగింది. ఆ తర్వాతే సూర్యం చేతులు కదిలాయి, కారు తూలింది, సూర్యం నోట్లోంచి బూతొకటి వచ్చింది.

"ఇన్నావా?" అని అరిచాడు గోవిందరాజులు.

"ఇననేదు మావా, తెలిసింది!"

ఈసారి సూర్యం జాకీ ఎత్తలేదు. బస్తాలతోనే కారుని, షెడ్డులో బండ్ల కింద పని చేయడానికి తవ్విన గోతి మీద, నాలుగు చక్రాల మీద నిలబెట్టి కిందికి దూరాడు. వెనక చక్రాల్ని బండికి పట్టి ఉంచే ఇరుసు దగ్గర, ఎడమ వైపు, బుష్షు అనే రబ్బరు తొడుగు ఉంటుంది. దాని సందున ఇనప రాడ్డు పెట్టి తన్ని పట్టాడు. రబ్బరు నోరు తెరుచుకుంది. లోపలి ఇనుము నుంచి పూర్తిగా ఊడిపోయి ఉంది.

"ఇలా రా, సూడు. జాకీ ఎత్తితే చక్రం వేలాడి ఈ చీలిక మూసుకుపోతాది. బాగున్నట్టే కనపడతాది. బరువు పడి ఒక పక్క ఎగిరితే తెరుచుకుంటాది. అప్పుడు వెనక చక్రం దానంతట అదే తిరిగిపోతన్నాది మావా. ముందు నువ్వెంత తిన్నగా పట్టుకుంటే ఏటి లాభం?"

గోవిందరాజులు ఆ చీలికలో వేలు పెట్టి చూశాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి ఆ రోజు? ఖాళీ బండి నాను తిప్పినాను కదా?"

సూర్యం గోతిలోంచి తల ఎత్తాడు. అబద్ధం చెప్పడం అతనికి చాత కాదు. "ఆ రోజు నువ్వే తిప్పినావు. భయంతో తిప్పినావేమో."

రెండు పక్కలా కొత్త బుష్షులు వేశారు. అవే బస్తాలతో కల్వర్టు మీద గోవిందరాజులు తనే తోలాడు. కారు ఎగిరింది, దిగింది, గీత గీసినట్టు పోయింది. నాలుగుసార్లు వెళ్ళి వచ్చాడు. నాలుగోసారికి గాని భుజాలు కిందికి దిగలేదు.

పాపారావుకి చెప్పడానికి వెళ్ళాడు. నుదుటి మీద మచ్చ నల్లబడి ఉంది. అంతా విని ఆయన, "మంచిదే రాజులూ, బండి బాగయింది. నా గుండె బాగవనేదు. కల్వర్టు తలుచుకుంటేనే చెమట పడతన్నాది," అన్నాడు. గోవిందరాజులు బతిమాలలేదు. ఊళ్ళో కూడా కొందరు నమ్మారు, కొందరు తల ఊపి వదిలేశారు. పెళ్ళిళ్ళకి పిలిచేవాళ్ళు ఇంకెవర్నో పిలుచుకున్నారు.

సీత మాత్రం సోమవారం పొద్దున్నే వచ్చి ఎప్పటి చోటనే కూర్చుంది.

టెక్కలిలో ఆవిడ నాలుగు గంటలు పడక మీద ఉంటే బయట వేపచెట్టు కింద కునికే గోవిందరాజులు, ఆ రోజు చీటీ రాయించుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఇంకా కుర్రదనం పోని డాక్టరమ్మ చేతులు చాపమంది, ముక్కు ముట్టుకోమంది, కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీత గీయమంది. గీత కొన్నిచోట్ల పళ్ళు పళ్ళుగా వచ్చింది. తండ్రి సంగతి చెప్పాడు. ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. సన్నగా వణుకు ఉందని, దిగులు వల్ల కావచ్చని, ఇంకోటి కూడా కావచ్చని, ఇప్పుడే చెప్పలేనని అంది. మూడు నెలలకి మళ్ళీ రమ్మంది. ఈలోగా బండి తోలొచ్చు గానీ, తేడా తెలిస్తే ఆ రోజే ఆపెయ్యమంది.

ఆ సంగతి సాయంత్రం మహాలక్ష్మికి చెప్పాడు. ఆవిడ చింతపండు గింజలు తీస్తూ తల ఎత్తకుండా వింది.

"సీతకి సెప్పావా?"

"నేదు."

"సెప్పు. ఎక్కేది అది కదా."

బుధవారం పొద్దున సీత తలుపు వేసుకున్నాక, తాళం తిప్పకుండా, వెనక్కి తిరిగి అంతా చెప్పాడు. వణుకు సంగతి, చుట్టల గీత సంగతి, మూడు నెలల సంగతి. ఆవిడ సూదుల చేతిని ఒళ్ళో సర్దుకుంది. దిగిపోతానంటుందేమోనని అతను తాళం మీంచి చెయ్యి తీశాడు.

"ఈసారి ఏటైనా తెలిస్తే నాను దాచను," అంది సీత. "నువ్వూ దాచకు. పోనీ."

అప్పట్నించి అతుకులున్న ప్రతి చోటా దాటగానే "ఏటి సీతా?" అని అడుగుతాడు. "ఏం నేదు," అంటుంది ఆవిడ. ఒక్కోసారి జవాబు చెప్పడానికి ఆవిడకి కొంచెం ఆలస్యం అవుతుంది, నిద్ర పట్టి. ఆ కాస్తసేపూ అతను స్టీరింగ్ మీద తన చేతుల వంక చూసుకుంటాడు.

మూడు నెలలు ఇంకా పూర్తి కాలేదు.